నడక నడిపించబోతున్న మేనకోడలికి

చి. లాస్యకు మేనత్త ఆశీర్వదించి రాస్తున్న ఉత్తరం.

మొన్న మీ నాన్న తెనాలి నుంచి ఫోన్ చేశాడు. "అక్కా, పిల్ల జనాన్ని వెంటేసుకుని అడవుల్లోకి పోతుందట, నువ్వైనా చెప్పు" అని ఒకటే గొడవ. వాడి గొంతు వింటే నువ్వేదో దళంలో చేరావనుకోవాలి. నెమ్మదిగా ఆరా తీస్తే తేలిందేమిటంటే, అడవుల్లో, కొండల్లో నడిచే మీ బుష్‌వాకింగ్ క్లబ్బు వాళ్లు నిన్ను లీడర్‌ని చేశారు, జూలైలో ఒక ఆదివారం బ్లూ మౌంటెన్స్‌లో పెర్రీస్ లుక్‌డౌన్ కొండ అంచు నుంచి కింద లోయలోని బ్లూ గమ్ ఫారెస్ట్‌కి నడక నీ పేరు మీద వేశారు. ఈ మాట నాకు నువ్వు చెప్పాలి కదా? సిడ్నీ వదిలి బ్రిస్బేన్‌లో కొడుకు దగ్గర చేరినంత మాత్రాన నాకు ఆ కొండలు పరాయివైపోయాయా?

సరే, తిట్టడానికి రాయడం లేదు. మీ మామయ్యకి చెప్తే పేపరు పక్కన పెట్టి "బ్లూ గమ్మా! మొదటిదే బ్లూ గమ్మా!" అని రెండు సార్లు అన్నారు. పైకి ఒప్పుకోరు గానీ చాలా గర్వపడ్డారు. నేనూ పడ్డాను. ఆ రాత్రి నిద్ర మాత్రం సరిగా పట్టలేదు. ఫోన్లో చెప్తే నువ్వు లాప్‌టాప్ చూసుకుంటూ "సరే అత్తా, సరే అత్తా" అంటావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను.

నీళ్లు, టార్చి, వాన కోటు, మందుల సంచి, కాగితం మ్యాపు. ఇవి నీకు చెప్పక్కర్లేదు. ముందు రోజు నేషనల్ పార్క్స్ వెబ్‌సైట్‌లో దారి తెరిచి ఉందో లేదో చూడు. పెద్ద వానలు పడితే ఆ మెట్ల దారులు మూసేస్తారు. వేసవిలో నడక పెట్టినప్పుడు టోటల్ ఫైర్ బ్యాన్, అంటే బయట ఎక్కడా నిప్పు రాజేయకూడదనే ఆంక్ష, ఉంటే ఇంకేం ఆలోచించకుండా రద్దు చేసెయ్.

మీ నాన్న భయమంతా పాములే. ఇక్కడ జూలై అంటే చలికాలం, ఆ చలికి అవి చాలావరకు కదలవని వాడికి నేను చెప్పాను. అయినా రెండు వెడల్పాటి సాగే కట్లు సంచిలో ఉంచు. మన ఊళ్లో పైన తాడుతో బిగించి, కోసి, కడిగేవాళ్లే, అవేవీ ఇక్కడ చేయకూడదు. కాటు మీద మొదలుపెట్టి కాలంతా గట్టిగా చుట్టాలి, కర్రతో కట్టి కదలకుండా పడుకోబెట్టాలి, ఒక్క అడుగు కూడా నడిపించకూడదు. కడగొద్దు, ఆ విషపు చెమ్మ ఏ పామో తేల్చుకోవడానికి ఆస్పత్రిలో పనికి రావచ్చు.

అసలు నా భయం పాము కాదు. నీ మంచితనం.

నువ్వు చిన్నప్పటి నుంచీ ఎవరినీ నొప్పించే పిల్లవి కాదు. క్లబ్బులో సగం మందికి పైగా నీకంటే ముప్పై, నలభై ఏళ్లు పెద్దవాళ్లు. ఇక్కడివాళ్లు పేరు పెట్టి పిలవమంటారు, నువ్వూ పిలుస్తావు. నోట్లో పేరున్నా లోపల 'అంకుల్' అనే ఉంటుంది. ఆ అంకుల్ లాంటి మనిషి "నేను ముందు వెళ్తుంటాలే" అంటే, ఆగమని నీ నోటికి రాదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో మన సామెత ఒకటుంది, పెద్దదాన్ని గనక నీకు రాయను. మీ అమ్మనడుగు.

మీ మామయ్య తప్పిపోయిన సంగతి ఆయన నోట చాలాసార్లు విన్నావు. ఆయన దాన్ని వేటగాడి కథలా చెప్తారు. జరిగింది జరిగినట్టు ఇప్పుడు నేను చెప్తాను విను.

అప్పటికి మొబైల్ ఫోన్లు ఇంకా అందరి చేతుల్లోకీ రాలేదు. కటూంబా దగ్గర ఒక లోయలోకి శీతాకాలపు నడక, ఆదివారం, పదిమందిమి. లీడర్ ఎంతో మర్యాదస్తుడు, ఆ కొండల్లో ముప్పై ఏళ్లుగా తిరిగినవాడు. మధ్యాహ్నం భోజనాలకి ముందే మీ మామయ్య మోకాలు పట్టేసింది. ఈయన తన వల్ల అందరి నడకా పాడవుతుందని, "మీరు కానివ్వండి, నేను మెల్లగా వెనక్కి వెళ్లి కార్ల దగ్గర కూర్చుంటాను, వచ్చిన దారేగా" అన్నారు. నేనూ వస్తానంటే, "నువ్వెందుకు మానుకోవడం" అన్నారు. లీడర్ ఒక్క క్షణం ఆగాడు. ఆయన మొహంలో ఆ ఆలోచన నాకు ఇప్పటికీ గుర్తే. ఒక పెద్దమనిషిని, అందులోనూ ఇంజినీరుని, దారి తెలీని పిల్లాడిలా చూడటం బాగుండదనుకున్నాడు. "ఆర్ యూ షూర్?" అన్నాడు. ఈయన "షూర్" అన్నారు. అంతే, ఈయన వెనక్కి, మేం ముందుకి.

వచ్చిన దారే అనే మాటలోనే ఉంది లాస్యా, తిరకాసంతా. మనం లోపలికి వెళ్లేటప్పుడు రెండో దారి ఒకటి భుజం వెనక నుంచి వచ్చి కలుస్తుంది. మన కళ్లు ముందుకే ఉంటాయి, అది కలిసినట్టే తెలీదు. తిరిగొచ్చేటప్పుడు అదే చోట ఎదురుగా రెండు దారులు, రెండూ ఒకేలా తొక్కి ఉంటాయి. పైగా తప్పు దారే కాస్త వెడల్పుగా, చదునుగా ఉంది. నొప్పి కాలు మనిషిని చదును వైపే లాగుతుంది. ఈయన ఎడమకి పోయారు.

మేం ఐదింటికి కార్ల దగ్గరికి వచ్చాం. జూలైలో ఐదు దాటిందంటే చీకటే. కార్ల దగ్గర ఎవరూ లేరు. ఈయన పెద్ద టార్చి నా సంచిలో ఉంది, కోటు కూడా నా సంచిలోనే. బరువెందుకని పొద్దున నేనే పెట్టుకున్నాను. లీడర్ కేకలేసుకుంటూ మళ్లీ లోపలికి దిగాడు. ఒకతను కటూంబా వెళ్లి పోలీసులకి చెప్పాడు. రాత్రి తొమ్మిదికల్లా పోలీసులతో పాటు ఇంకొంతమంది వచ్చారు, ఆడవాళ్లూ మగవాళ్లూ, తలకి లైట్లు కట్టుకుని. వాళ్లకి జీతం లేదు, భత్యం లేదు. బుష్‌వాకర్లు 1936లోనే తమంతట తాము పెట్టుకున్న గాలింపు దళం అది. మర్నాడు పొద్దున ఆఫీసులున్న మనుషులు ఆ రాత్రంతా మా ఆయన పేరు పిలుస్తూ తిరిగారు. పేరు సరిగ్గా పలకడం రాక, ఎలా పిలవాలో నన్నడిగి నేర్చుకుని మరీ పిలిచారు.

తెల్లారాక దొరికారు. దారి పోయిందని తెలిశాక ఈయన చేసిన మంచి పని ఒక్కటే, ఇంకా నడవకుండా ఒక బండ వార కూర్చోవడం. ఆకులు పోగేసుకుని కాళ్ల మీద కప్పుకున్నారట. నన్ను చూసి మొదట అన్న మాట "ఫ్లాస్కులో టీ అయిపోయింది". అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు, ఇప్పటికీ రాదు. ఆయన వేళ్లు పట్టుకుంటే ఏదో వస్తువుని పట్టుకున్నట్టుంది.

ఆ లీడర్ ఆ తర్వాత ఇంకో నడక పెట్టలేదు. క్లబ్బులో ఎవరూ ఒక్క మాట అనలేదు, మేమూ అనలేదు. రమ్మని ఎన్నోసార్లు పిలిచాం. ఆయన నిర్లక్ష్యపు మనిషైతే నాకింత భయం ఉండేది కాదు, నిర్లక్ష్యపు మనుషులకి ఎవరో ఒకరు అడ్డు చెప్తారు. మంచివాడు మంచితనానికి పోయి చేసిన పని గనక తొమ్మిది మందిమీ చూస్తూ ఊరుకున్నాం.

కాబట్టి నీ నడకలో ఒంటరిగా వెనక్కి వెళ్లడమనేది లేదు. ఎవరు అడిగినా లేదు, దారి ఎంత తిన్ననిదైనా లేదు. పంపక తప్పకపోతే దారి తెలిసిన మనిషిని తోడిచ్చి, కారు తాళం, కోటు, టార్చి చూసి పంపు. అలాంటి మనిషి లేకపోతే అందరినీ వెనక్కి తిప్పు. మొహాలు మాడ్చుకుంటారు, మాడ్చుకోనీ. నలుగురికంటే తక్కువ వస్తే నడకే వద్దు. ఒకరికి దెబ్బ తగిలితే ఒకరు పక్కన కూర్చోవాలి, సాయానికి ఇద్దరు వెళ్లాలి, ఆ లెక్క.

ఫోన్ చేసి పేరిచ్చేవాళ్లని "నడవగలరా?" అని అడగకు, అందరూ నడవగలమనే అంటారు. "ఈ మధ్య చివరిసారి ఎక్కడ నడిచారు, ఎంతసేపు పట్టింది?" అని అడుగు. జవాబులోనే తెలిసిపోతుంది. మన తెలుగువాళ్లు వస్తామంటే మరీ జాగ్రత్త. "తిరుమల మెట్లెక్కాం, ఇదెంత" అంటారు. తిరుమలలో ఓపికున్నప్పుడు ఎక్కుతాం, దారిలో మజ్జిగ దొరుకుతుంది, దిగడానికి బస్సుంటుంది. పెర్రీస్ లుక్‌డౌన్‌లో ముందు 600 మీటర్లకు పైగా దిగాలి, కాళ్లు అలిసిపోయాక అదంతా ఎక్కాలి. తీరా పొద్దున చూస్తే, పేరివ్వని బావమరిదీ స్నీకర్స్ వేసుకున్న ఫ్రెండూ కారు దిగుతారు, "ఏమనుకోకు లాస్యా, వీళ్లూ సరదా పడ్డారు" అంటూ. అక్కడే కారెక్కించి పంపు. లేన్ కోవ్ పార్కులో కార్తీక వనభోజనాలకి ఎంతమందైనా రావచ్చు, దీనికి కాదు.

వెనక నడిచే మనిషిని నువ్వే ఎంచుకో, నెమ్మదస్తుణ్ని కాదు, బాగా నడవగలిగి కూడా ఓపికున్నవాణ్ని. దారి చీలిన ప్రతిచోటా ఆగి అందరూ వచ్చాక లెక్కపెట్టు. అక్కడ చాలామంది లీడర్లు చేసే అన్యాయం ఒకటుంది. ముందువాళ్లు పది నిమిషాలు కూర్చుని ఉంటారు, ఆఖరి మనిషి రొప్పుకుంటూ రాగానే "అందరూ వచ్చారుగా, పదండి" అని లేస్తారు. అలిసిన మనిషికే విశ్రాంతి దొరకదు. ఆ మనిషి వచ్చి, నీళ్లు తాగి, ఊపిరి తీసుకున్నాక అప్పుడు లే.

ఆపదలో నొక్కితే ఉపగ్రహం ద్వారా సాయం పిలిచే బీకన్ క్లబ్బుది తీసుకో. లేకపోతే కటూంబా పోలీస్ స్టేషన్లోనూ, బ్లాక్‌హీత్‌లో నేషనల్ పార్క్స్ ఆఫీసులోనూ ఊరికే అప్పిస్తారు, ముందే ఫోన్ చేసి కనుక్కో. అది సంచి అడుగున కాదు, పైన ఉండాలి. ఎలా నొక్కాలో బయల్దేరేముందే ఇద్దరికి చూపించు. దెబ్బ తగిలేది నీకే కావచ్చు. ఆ మాట రాయడానికి నా చెయ్యి రావడం లేదు గానీ రాశాను.

లోయలో ఒంటిగంటకి లేవాలి, ఎంత బాగున్నా సరే. బాగుంటుంది కూడా. ఆ నీలి గమ్ చెట్ల (ఒక రకం యూకలిప్టస్) మధ్య నిలబడి పైకి చూస్తే మెడ నొప్పి పుడుతుంది తప్ప కొమ్మలు మొదలవ్వవు. టీ తాగేటప్పుడు కొత్తవాళ్లకి ఆ కథ చెప్పు. 1931లో ఈస్టర్‌కి అక్కడ దిగిన బుష్‌వాకర్లకి ఒకాయన ఎదురై, చెట్లు కొట్టేసి వాల్‌నట్ తోట వేస్తానన్నాడు. మాంద్యం రోజులు, ఎవరి చేతిలోనూ డబ్బుల్లేవు. అయినా చందాలేసుకుని, అప్పు చేసి, 130 పౌండ్లిచ్చి ఆయన హక్కు కొనేశారు. కొన్నవాళ్లు నీలాంటి క్లబ్బు మనుషులే. 2019 డిసెంబర్ మంటలు ఆ లోయనీ వదల్లేదు, ఇప్పుడెలా ఉందో నువ్వు చూసి నాకు చెప్పాలి. ఫొటోలు పంపు. మీ మామయ్య అడుగుతున్నారు.

పులిహోర తీసుకెళ్లు, నిమ్మకాయది కాదు, చింతపండుది. మేం క్లబ్బులో చేరిందే దాంతో. హెలెన్స్‌బర్గ్ గుళ్లో దర్శనం చేసుకుని ఆట్‌ఫర్డ్ లుకౌట్ దగ్గర సముద్రం చూస్తూ తింటుంటే, బండీనా నుంచి రెండు రోజులు నడిచొచ్చిన ఒక గుంపు బురద కాళ్లతో పైకెక్కింది. అందరూ అరవై దాటినవాళ్లే. ఒకావిడ కళ్లు పొట్లం మీదే ఉన్నాయి, పెట్టకుండా ఎలా ఉంటాం? పై ఆదివారం వాళ్లతో నడుస్తున్నాం.

ఇంకో మాట. నడక బాగా జరిగితే ఏజీఎంలో, అదే క్లబ్బు వార్షిక సమావేశంలో, నిన్ను సెక్రటరీగా ఉండమంటారు. ఐటీ అమ్మాయివి కాబట్టి వెబ్‌సైట్ కూడా నీకే అంటగడతారు. ఏదో ఒకటే ఒప్పుకో. అన్నీ నెత్తినేసుకున్న పిల్లలు రెండేళ్లలో అసలు కనపడకుండా పోవడం చూశాను.

ముందుగా వెళ్లి దారి చూసిరా, ఎవరినైనా తోడు తీసుకునే వెళ్లు. వచ్చేవాళ్ల పేర్లు, ఇంట్లోవాళ్ల ఫోన్ నంబర్లు, కార్ల నంబర్లు ఒక కాగితం మీద రాసి క్లబ్బులో ఒకరి దగ్గర ఉంచు. ఇంకో కాపీ నాకు పంపు. ఆ రోజు సాయంత్రం ఏడు లోపు "అందరం పైకి వచ్చాం" అని మెసేజ్ పెట్టు. ఏడున్నర దాకా చూస్తాను. ఆ తర్వాత నేను ఫోన్ చేసేది నీకు కాదు, పోలీసులకి. అందరి ముందూ పరువు తీశావత్తా అని తర్వాత నాతో పోట్లాడు, పడతాను.

మీ
మేనత్త