పాత మలయ్ సినిమాలు చూస్తున్న మనవరాలికి

తెలుక్ ఇంతాన్, మలేషియా

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కళాశాల నాటకానికి 1950ల నాటి దుస్తులు సిద్ధం చేసే పని నీకు అప్పగించారని చదివి ఎంతో సంతోషించాను. నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో కుట్టుమిషను ముందు కూర్చున్నదాన్ని, ఇంతకంటే ఇష్టమైన సంగతి నన్ను ఎవరు అడుగుతారు! పాత మలయ్ సినిమాలు వరసపెట్టి చూస్తున్నావట, ఆ రోజుల్లో పుట్టి ఉంటే బాగుండేదనిపిస్తోందట. అనిపించనీ, తప్పేమీ లేదు. కానీ అంత ఇష్టంతో చూసేటప్పుడు కన్ను కథానాయిక మీదే నిలిచిపోతుంది. నీకు కావలసినవన్నీ ఆమె వెనకాల ఉన్నాయి.

అందుకని ఒక్కో సినిమా రెండుసార్లు చూడు. మొదటిసారి కథ కోసం, పాటల కోసం హాయిగా చూడు. ఆ సినిమాల నటుడు, గాయకుడు పి. రామ్లీ గొంతు వినబడితే నా చేతిలో సూది ఆగిపోయేది, అలాంటిది నిన్ను పాట వదిలేయమని ఎలా చెబుతాను? రెండోసారి మాత్రం శబ్దం తీసేసి చూడు. సంతలో బేరమాడే ఆవిడ, పెళ్ళిలో వెనక వరసలో కూర్చున్న ముసలమ్మ, కాఫీ దుకాణం బల్ల మీద కాలు మడిచి కూర్చున్న మనిషి, వీళ్ళ ఒంటి మీద ఉన్నవి ఊరి బట్టలు. ఒంటికి అతికినట్టుండే ఆ కెబాయా, అంటే ముందువైపు తెరుచుకునే పొడవు చేతుల రవిక, గాయని సలోమాది, ఊరిది కాదు. తరవాత అమ్మాయిలంతా దాని మీద మోజుపడ్డారు, నేనూ ఎన్నో కుట్టాను. కానీ మా పక్కింటి మక్‌చిక్ (మలయ్ పిన్నమ్మ) జీవితమంతా మోకాళ్ళ దాకా వచ్చే వదులు కెబాయా లబుహే కట్టుకుంది. నాటకంలో అందరికీ సలోమా కొలత పెట్టావంటే ఊరు కనబడదు.

పి. రామ్లీ మొదటిసారి దర్శకత్వం వహించిన 'పెనారిక్ బెచా'తో మొదలుపెట్టు. 1955 నాటిది. రిక్షా తొక్కే పేదవాడు, డబ్బున్న ఇంటి అమ్మాయి. బీద బట్ట, గొప్ప బట్ట ఒకే దృశ్యంలో పక్కపక్కన కనబడతాయి గనుక నీ పనికి అంతకంటే మంచి పాఠం లేదు.

కెబాయా దగ్గర మాత్రం సినిమా ఆపి ఆపి చూడాలి. దానికి గుండీలు ఉండవు. ముందుభాగం రెండు అంచులనూ మూడు పిన్నులు పట్టి ఉంచుతాయి, వాటినే కెరొంగ్సాంగ్ అంటారు. పైన పెద్దది ఇబు, అంటే తల్లి. కింద రెండు చిన్నవి అనక్, అంటే పిల్లలు. కొన్నింటికి మూడింటినీ కలుపుతూ సన్నని గొలుసు ఉంటుంది. తల్లి పిన్ను ఎంత ఎత్తులో పెట్టారో చూడు, మనిషి వయసూ నడతా అక్కడే తెలిసిపోతాయి. ఇప్పుడు చాలామంది లోపల హుక్కులు కుట్టి పైన అలంకారానికి పిన్ను గుచ్చుతున్నారు. అలా చేయవద్దు తల్లీ. బరువు పిన్ను మీద పడితేనే ఆ గుడ్డ ఒంటి మీద వాలవలసినట్టు వాలుతుంది, అమ్మాయి నిలబడే తీరే మారిపోతుంది. నడుముకు చుట్టే సారంగ్ కట్టినప్పుడు బాటిక్ మీద వేరే రంగులో ఉండే నిలువు పట్టీ, కెపాలా, ఎక్కడ వచ్చిందో కూడా రాసుకో. మగవాళ్ళ తెలుక్ బెలంగా చొక్కాకు కాలరు ఉండదు. మెడ చుట్టూ వేసే కుట్టును తులాంగ్ బెలుత్ అంటారు, పాముచేప వెన్నెముక అని అర్థం. తెర మీద అది కనబడదు. నేను నేర్పిస్తాను.

రంగుల విషయంలో నలుపు తెలుపు తెరను నమ్మకు. తెల్లగా కనబడింది లేత పసుపో గులాబీయో కావచ్చు. 1956లో ఫణి మజుందార్ తీసిన 'హంగ్ తుఆ' రంగుల్లోనే ఉంది కానీ, అది మలక్కా సుల్తానుల కాలం కథ, నీకు పనికిరాదు. రంగులు పెట్టెల్లో దొరుకుతాయి. మీ స్నేహితురాళ్ళ ఇళ్ళలో అమ్మమ్మలను, నాయనమ్మలను అడిగి పాత గుడ్డలు తీయించి చూడు. అరవైల మధ్య నుంచి పాప్ యే యే అనే గిటారు పాటలతోపాటు పొట్టి గౌన్లు వచ్చాయి, వాటిని ఇందులో కలపకు.

ఇక ఆ కొబ్బరి చెట్లు, ఆ పల్లెలు. వాటిలో చాలా భాగం సింగపూర్‌లో తీసినవే. షా సోదరుల స్టూడియో జలాన్ అంపాస్‌లో ఉండేది, కాథే కెరిస్ వాళ్ళది ఈస్ట్ కోస్ట్ రోడ్డులో. ఆకు కదలకుండా, ఒకే చెట్టుకు రెండు నీడలు పడుతుంటే అది స్టూడియో లోపలి పల్లె. గాలికి ఆకులు ఊగుతున్న చోట ఆగి చూడు. ఆ ఈస్ట్ కోస్ట్ సముద్రపు ఒడ్డు అప్పుడు ఉన్నచోట ఇప్పుడు లేదు, 1966 నుంచి అక్కడ సముద్రాన్ని పూడ్చి నేల చేశారు. ఒకటి మాత్రం నాటకంలో తప్పకుండా పెట్టించు. స్తంభాల మీద నిలబెట్టిన ఇంటి మెట్ల పక్కన నీళ్ళ జాడీ, దాని మీద కొబ్బరి చిప్ప గరిటె. కాళ్ళు కడుక్కోకుండా ఎవరూ మెట్టెక్కేవారు కాదు. చిన్నప్పుడు మక్‌చిక్ ఇంటికి పరుగెత్తినప్పుడల్లా ఆ చల్లని నీళ్ళు పాదాల మీద పడేవి. ఏ సినిమాలో ఆ జాడీ కనబడినా నాకు ఈ రోజుకీ పాదాలు చల్లబడతాయి.

ఇంకొక మాట చెప్పాలి. ఆ సినిమాల్లో చాలామంది ఆడవాళ్ళ తల మీద ముసుగు ఉండదు, ఉన్నా వదులుగా వేసుకున్న సెలెందాంగ్ అనే పైగుడ్డ. దాన్ని పట్టుకుని ఈనాటి ఆడపిల్లల మీద వాదానికి దిగేవాళ్ళను చూశాను. నువ్వు ఆ పక్కకు వెళ్ళకు. మీ బృందంలో తుడుంగ్, అంటే తల ముసుగు, వేసుకునే అమ్మాయి ఉంటే ఆమెకు ఇష్టమైన పాత్ర ఇచ్చి, సెలెందాంగ్ ఎలా చుట్టుకోవాలో ఆమెనే అడుగు.

వీలైతే కౌలాలంపూర్‌లోని సెతాపాక్‌లో రామ్లీ నివసించిన ఇంటికి వెళ్ళి రా, ఇప్పుడది స్మారక మందిరం. నా దగ్గర ఉన్న గొలుసు కెరొంగ్సాంగ్ నీకే ఇస్తాను, పోస్టులో పంపను, వచ్చి తీసుకెళ్ళు. వచ్చేటప్పుడు ఆడపిల్లలందరి కొలతలు తీసుకురా. భుజం నుంచి తల్లి పిన్ను పెట్టే చోటు దాకా ఎంతో విడిగా రాయించు, ఆ కొలత అందరూ మరిచిపోతారు.

ప్రేమతో,
అమ్మమ్మ