హంగర్ గేమ్స్ కావాలంటున్న ఎనిమిదో తరగతి అమ్మాయికి ఆ పుస్తకం ఇప్పించొచ్చా?

మీ అమ్మాయి ఎనిమిదో తరగతి. క్లాసులో ఎవరి దగ్గరో హంగర్ గేమ్స్ చూసి కొనిపెట్టమని ప్రాణం తీస్తోంది. మీరు వెనక అట్ట చదివితే 24 మంది పిల్లల్ని ఒకచోట వదిలి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమంటారని ఉంది. ఇప్పించొచ్చా, ఇప్పిస్తే ఈ డిస్టోపియా రకం, అంటే జనాన్ని తొక్కి పెట్టే ఊహాలోకాల పుస్తకాల్లో ఏది ముందు, ఏది ఇంకొన్నాళ్లు ఆపాలి అని అడిగారు.

ఇప్పించండి. మియాపూర్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లల లైబ్రరీ కొన్నేళ్లుగా నేనే చూసుకుంటున్నా. మా పెద్దమ్మాయి కూడా మీ అమ్మాయి వయసులోనే వీటి మీద పడింది. మా బీరువాలో అన్నిటికంటే ముందు అట్టలు ఊడిపోయేవి ఇవే.

ముందు హింస సంగతి. మనం అన్నం తినిపిస్తూ చెప్పే బకాసురుడి కథ ఏంటి మరి? ఏకచక్రపురంలో రోజుకో ఇంటి వంతు. బండెడు అన్నం, రెండు దున్నపోతులు, తోలుకెళ్లిన మనిషి, అన్నీ రాక్షసుడికే. భీముడు ఆ అన్నం తనే లాగించేసే దగ్గర పిల్లల్ని నవ్వించి మనం ముగించేస్తాం. భారతంలో అయితే అంతకుముందు వంతు వచ్చిన ఇంట్లో కథ చాలాసేపు ఆగుతుంది. నేను వెళ్తానని తండ్రి, మీరు కాదు నేనని తల్లి, మీరు లేకపోతే మేమెలాగూ బతకం కాబట్టి నన్నే పంపండని కూతురు. మాటలు కూడా సరిగా రాని పిల్లాడు గడ్డిపరక ఒకటి పట్టుకొచ్చి, దీంతో రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. ఎప్పుడో ఊరు వదిలి పోదామంటే నువ్వే పుట్టిన ఊరని కదల్లేదు అని ఆ తండ్రి భార్యని నిష్ఠూరాలాడతాడు. కాపాడాల్సిన రాజు చేతకానివాడనీ అంటాడు. ఇంత భయంకరమైన కథ మనం నాలుగేళ్ల పిల్లలకి చెబుతున్నాం, ఎవరూ పాడైపోలేదు.

సుజాన్ కాలిన్స్ 2008లో రాసిన హంగర్ గేమ్స్ కూడా ఇలాంటి కథలోంచే పుట్టింది. ఆవిడ చిన్నప్పుడు చదివిన గ్రీకు గాథలో ఏథెన్స్ వాళ్లు ఏడుగురు అబ్బాయిల్ని, ఏడుగురు అమ్మాయిల్ని క్రీట్ దీవికి పంపుకోవాలి. అక్కడ ఎద్దు తల ఉన్న మినటార్ వాళ్లని తినేస్తాడు. అదొకటి. రెండోది, ఒక రాత్రి టీవీలో ఛానెళ్లు మారుస్తుంటే ఒకదాంట్లో రియాలిటీ షో, ఇంకోదాంట్లో ఇరాక్ యుద్ధం, రెండూ కలిసిపోతున్నట్టు అనిపించిందని ఆవిడే చెప్పారు. వాళ్ల నాన్న ఎయిర్‌ఫోర్స్ అధికారి, వియత్నాం యుద్ధానికి వెళ్లొచ్చినాయన. చావుని తమాషాగా చూసే ఇంట్లో పెరగలేదావిడ. కథలో రూ అని పన్నెండేళ్ల పిల్ల ఉంటుంది. మా దగ్గర చదివినవాళ్లంతా వచ్చి చెప్పేది ఆ పిల్ల గురించే. ఎవరు ఎవర్ని ఎలా పొడిచారో అడిగితే సగం మందికి గుర్తుండదు.

మీ అమ్మాయి చదవడం మొదలెట్టాక ఒక పని చేయండి. ఆ ఆటకి ఎవరిని పంపాలో చీటీ తీసి తేలుస్తారు, మొదటి అధ్యాయంలోనే ఆ చీటీల లెక్క వస్తుంది, దాన్ని కాగితం మీద వేయించండి. పన్నెండేళ్లు రాగానే ప్రతి పిల్ల పేరు మీదా ఒక చీటీ గాజు పాత్రలో పడుతుంది. ఏడాదికొకటి చొప్పున పెరిగి పద్దెనిమిదేళ్లకి ఏడవుతాయి. ఇంతవరకు అందరికీ ఒకటే న్యాయం. కాకపోతే ఇంట్లో తిండికి గడవనివాళ్లు అదనంగా చీటీలు వేయించుకోవచ్చు. ఒక్కో చీటీకి ఒక మనిషికి ఏడాదికని చెప్పి కాస్త ధాన్యం, కాస్త నూనె ఇస్తారు. ఇంట్లో ఎంతమందుంటే అన్ని చీటీలు. పైగా అవి ఆ ఏటితో పోవు, మరుసటేటికి పోగవుతాయి.

కథ చెప్పే అమ్మాయి కాట్నిస్, వాళ్ల నాన్న బొగ్గుగనిలో పోయాడు. తనకి, అమ్మకి, చెల్లికి కలిపి మూడు, అసలుది ఒకటి, మొత్తం ఏడాదికి 4. పదహారేళ్లు వచ్చేసరికి 20. ఆమె స్నేహితుడు గేల్ పోషించాల్సింది ఐదుగురిని, ఏడాదికి 6 చొప్పున పద్దెనిమిదేళ్లకి 42. మేయర్ కూతురిదీ పదహారేళ్లే, చీటీలు 5.

ఒక ఆదివారం లైబ్రరీలో ఈ లెక్క బోర్డు మీద వేయించా. "ఆంటీ, అయితే ఇది లాటరీ కాదుగా" అన్నాడొకడు. పక్కనున్న అమ్మాయి, "లాటరీనేరా, బియ్యం తీసుకున్నోళ్లకి టికెట్లు ఎక్కువ, అంతే" అంది. ఇక వాళ్లిద్దరినీ ఆపడం నావల్ల కాలేదు. రేషన్ కార్డు దగ్గర మొదలై ఎక్కడెక్కడికో వెళ్లింది వాదన. తిండికి లేనివాళ్లకీ రాత్రి భోజనానికి ఢోకా లేనివాళ్లకీ మధ్య పగ పెట్టడానికే ఈ చీటీలని గేల్ అడవిలో గొంతు చించుకుంటాడు. ఆ వాక్యాన్ని మామూలుగా పిల్లలు దాటేసి వెళ్లిపోతారు. లెక్క వేసినవాళ్లు మాత్రం వెనక్కి తిప్పి మళ్లీ చదివారు.

ఈ రకం పుస్తకాలకి నా గీటురాయి ఇదే. దుర్మార్గపు ప్రభుత్వాన్ని, ముసుగులేసుకున్న సైనికుల్ని ఎవరైనా రాస్తారు. పైకి అందరికీ సమానంగా కనిపించే ఒక రూలు పెట్టి, అది ఎవర్ని తొక్కుతోందో పదమూడేళ్ల పిల్ల సొంతంగా పట్టుకునేలా రాస్తే అది మంచి డిస్టోపియా. మన పిల్లలకి అది పట్టుకోవడం ఏమంత కష్టం కాదు లెండి. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, వారం వారం పరీక్ష, మార్కుల్ని బట్టి సెక్షన్ మార్చడం, అన్నీ చూస్తూనే ఉన్నారు. మా అమ్మాయి స్కూల్లో మొదటి సెక్షన్ గదికే ఏసీ ఉండేది. ఏసీ ఉన్నందుకు మార్కులొస్తున్నాయా, మార్కులొచ్చినందుకు ఏసీనా అని ఇంట్లో అడిగింది, నా దగ్గర జవాబు లేదు.

రెండో పుస్తకంగా లోయిస్ లౌరీ రాసిన ది గివర్ ఇవ్వండి. 1993లో వచ్చింది, మరుసటి ఏడు అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ అందుకుంది. సన్నటి పుస్తకం, ఇంగ్లిష్ కూడా తేలిక. నిజానికి ఇదే ముందు చదివితే మేలు, కానీ అడిగింది ఇవ్వకుండా "ముందు ఇది చదువు" అంటే ఏ పిల్లా చదవదు. ఇందులో ఆకలి లేదు, దెబ్బలాటలు లేవు, పిల్లల్ని చంపుకోమని వదిలే బరి లేదు. అందరూ మర్యాదగా ఉండే ఊరు. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల జాకెట్లకి బొత్తాలు వెనకవైపు ఉంటాయి, ఒకరికొకరు పెట్టుకోవడం అలవాటవ్వాలని. ఏడో ఏట బొత్తాలు ముందుకొస్తాయి. తొమ్మిదో ఏట సైకిలిస్తారు. పన్నెండో ఏట సభ పెట్టి, నువ్వు జీవితాంతం చేయాల్సిన పని ఇదీ అని చెప్పేస్తారు. సగం పుస్తకం అయ్యేదాకా పిల్లలకి అదేం తప్పుగా అనిపించదు. "బాగానే ఉందిగా ఆంటీ, ఎంసెట్ గొడవ ఉండదు" అన్నవాళ్లూ ఉన్నారు. అలా అనిపించనివ్వండి, మీరు మధ్యలో దూరి చెప్పొద్దు. ఆ ఊళ్లో రంగులు లేవని కథానాయకుడు జోనాస్‌కి తెలియడానికి ముందు చేతిలో ఆపిల్ ఒకటి క్షణంపాటు ఎలాగో మారినట్టు అనిపిస్తుంది. ఏం మారిందో వాడు చెప్పలేడు, రచయిత్రీ అప్పుడే చెప్పదు. ఎర్రదనం అంటే ఏంటో తెలియని పిల్లాడి చేత ఎరుపు చూపించడం, అదీ రాత అంటే.

అయితే ఒక హెచ్చరిక. చివరికి ముందు ఒక సన్నివేశం ఉంది. నెత్తురు చుక్క ఉండదు, గొంతు పెంచేవాళ్లు ఉండరు, ఒక మంచి మనిషి తన ఉద్యోగం తను చేస్తాడు. హంగర్ గేమ్స్ మొత్తం చదివి కిమ్మనని పిల్లలు ఇక్కడ పుస్తకం మూసేసి లేచిపోవడం చూశా. మీరు ముందే చదివి పెట్టుకోండి, ఆ రోజు ఇంట్లో ఉండండి. అమెరికాలో 1990ల్లో స్కూళ్లలోంచి తీసేయమని తల్లిదండ్రులు బాగా ఫిర్యాదు చేసిన పుస్తకాల్లో ఇదీ ఉంది. వాళ్ల గుబులు నాకు అర్థమవుతుంది, ఒప్పుకోను అంతే. ముగింపు ఎటూ తేల్చదు, పిల్లాడు బతికాడా లేదా అని మా దగ్గర ఇప్పటికీ రెండు జట్లు. లౌరీ తర్వాత ఇదే లోకం మీద ఇంకో మూడు రాసింది, చివరిది 2012లో. అవి వెంటనే ఇచ్చి జట్లు చెడగొట్టకండి.

మిగతావి గబగబా చెప్పేస్తా. స్కాట్ వెస్టర్‌ఫెల్డ్ అగ్లీస్, 2005ది, పదహారేళ్లకి అందరికీ ఆపరేషన్ చేసి అందగాళ్లని చేసే లోకం. ఫోన్లో ఫిల్టర్ లేకుండా ఫొటో దిగని వయసుకి సరిగ్గా సరిపోతుంది. వెరోనికా రాత్ డైవర్జెంట్‌లో షికాగో జనం ఐదు వర్గాలు, పదహారో ఏట పరీక్ష పెట్టి ఏ వర్గమో తేల్చుకోమంటారు. ఎంపీసీనా బైపీసీనా అన్నట్టుంటుంది. మొదటి భాగం పరుగెత్తిస్తుంది, మూడోది నాకు నచ్చలేదు, ఆ ముగింపుకి అభిమానులే తిట్టిపోశారు. సినిమాలు కూడా మూడు తీసి నాలుగోది తీయకుండానే వదిలేశారు. మేజ్ రన్నర్ చదవడం ఇష్టంలేని అబ్బాయిలకి మంచి మందు, అంతకు మించి ఆశపడొద్దు.

ఆపాల్సినవి రెండు. నీల్ షస్టర్‌మన్ అన్‌వైండ్, 2007ది, చాలా మంచి పుస్తకం, కానీ పదో తరగతి అయ్యాకే. అందులో పదమూడు దాటిన పిల్లల్ని వద్దనుకున్న అమ్మానాన్నలు సంతకం పెట్టి అవయవాలకి అప్పజెప్పేయొచ్చు. ఆ ఆపరేషన్ ఒక పిల్లాడికి తెలివి ఉండగానే ఎలా జరుగుతుందో ఒక అధ్యాయం మొత్తం రాశాడు. నేనే రెండోసారి చదవలేదు. ఇంకోటి బ్యాటిల్ రాయల్, 1999 నాటి జపాన్ నవల. హంగర్ గేమ్స్ నచ్చితే ఇదీ నచ్చుతుందని ఆన్‌లైన్‌లో ఊరికే సలహా ఇస్తుంటారు. అది పెద్దల కోసం రాసింది, ఇప్పుడు వద్దు.

హంగర్ గేమ్స్‌లో కూడా మూడో భాగం మాకింగ్‌జే దగ్గర కాస్త చూసుకోండి. మొదటి రెంటిలో ఎవరు మంచో ఎవరు చెడో తెలుస్తుంది. మూడోది యుద్ధం. మనవైపు వాళ్లు ఆలోచించిన బాంబు ఉచ్చు ఒకటి మనకే గుచ్చుకుంటుంది, దాన్ని చివరికి వేసిందెవరన్నది పూర్తిగా తేలదు. మా పెద్దమ్మాయి అది అయ్యాక నాతో రెండ్రోజులు సరిగా మాట్లాడలేదు, నేనే రాసినట్టు. మీరూ పక్కనే ఇంకో కాపీ పెట్టుకుని చదివితే మంచిది. ఈలోగా మధ్యలో చెప్పడానికి ఒక నిజం సంగతి ఉంది, పిల్లలు చెవులు నిక్కించి వింటారు. ఈ కథలో మూడు వేళ్లు పైకెత్తడం ఒక సైగ. 2014లో థాయిలాండ్‌లో సైన్యం అధికారం లాక్కున్నప్పుడు బ్యాంకాక్‌లో జనం ఆ సైగే చేశారు, చేసినవాళ్లని పట్టుకెళ్లారు కూడా. 2021లో మయన్మార్ వీధుల్లోనూ అదే కనిపించింది.

సినిమా ముందు చూపించొద్దు. 2012లో వచ్చిన మొదటిది బాగానే తీశారు, అది కాదు విషయం. పుస్తకమంతా కాట్నిస్ "నేను" అంటూ చెప్పుకునేది. తనతోపాటు ఆటకి వచ్చిన పీటాని కెమెరా కోసం ప్రేమిస్తున్నట్టు నటిస్తోందా, నిజంగానే ప్రేమిస్తోందా అన్నది ఆమెకే తెలియదు, ఆ తికమకంతా ఆమె తలలో జరుగుతుంది. సినిమాలో ఆ తల కనిపించదు. ముద్దు కనిపిస్తుంది, ఎదురుగా కూర్చుని మనమూ ఈల వేస్తాం, ఆ ఆటని టీవీలో చూసి మురిసిపోయే రాజధాని క్యాపిటల్ జనంలాగే.

మూడు పుస్తకాల సెట్టు డిస్కౌంట్‌లో ఉందని కొనేయకండి, మొదటిది ఒక్కటే కొనండి. ఆదివారం అబిడ్స్‌కి వెళ్లగలిగితే పేవ్‌మెంట్ మీద పాత కాపీ దొరికే అవకాశం ఉంది. చివరి పేజీలు ఉన్నాయో లేదో అక్కడే తిప్పి చూసుకోండి.