బేస్‌మెంట్‌లో కారు మోడల్ కడుతున్నాను, రాత్రిళ్లు దగ్గు... మానేయాలా డాక్టర్ గారూ?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నా వయసు 42. మాది గుంటూరు, ఉద్యోగం అమెరికాలో, డెట్రాయిట్ దగ్గర ఒక కార్ల కంపెనీలో. నవంబర్ నుంచి 1/12 స్కేల్ ఫోర్డ్ జీటీ40 రేసు కారు ప్లాస్టిక్ కిట్ కడుతున్నాను, ఫొటోలు కూడా పంపుతున్నాను. మా పాప పడుకున్నాక రాత్రి 10 నుంచి 1 దాకా బేస్‌మెంట్‌లో కూర్చుంటాను. చలికి కిటికీలు తీయలేం కాబట్టి ఎయిర్‌బ్రష్ (రంగు చిమ్మే చిన్న గన్) వాడేటప్పుడు ఎన్95 మాస్క్ పెట్టుకుంటాను. అయినా తలనొప్పి, కళ్ల మంట, పడుకున్నాక పొడి దగ్గు, ఛాతీ పట్టేసినట్టు ఉంటోంది. ఎడమ చేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతున్నాయి. సంక్రాంతికి ఇండియా వచ్చి మూడు వారాలు ఉన్నాం, అప్పుడు ఏమీ లేదు. తిరిగొచ్చాక మళ్లీ మొదలైంది. చిన్నప్పుడు నాకు ఆయాసం ఉండేది. ఇప్పుడు బాడీకి 2కే క్లియర్ కోట్ (హార్డెనర్ కలిపి కొట్టే మెరుపు పూత) కొట్టాలి. వాసన పైన బెడ్‌రూమ్ దాకా వస్తోందని, ఈ పని మానేయమని మా ఆవిడ గొడవ. పాపకి నాలుగేళ్లు. ఏం చేయమంటారు?

జవాబు: కిట్ మానేయక్కర్లేదండీ. కానీ ఆ 2కే క్లియర్ మాత్రం వద్దు. డబ్బా ఇంకా తెరవకపోతే తెరవకండి, షాపువాళ్లు తీసుకుంటే వాపసు ఇచ్చేయండి. మిగతావన్నీ సర్దుకోవచ్చు, ఇది సర్దుకునేది కాదు. ఎందుకో చెప్తాను.

మీరు రాసిన దాంట్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది సంక్రాంతి సెలవుల సంగతి. ఆ మూడు వారాలూ దగ్గు లేదు, ఛాతీ పట్టేయడం లేదు, తిరిగి బేస్‌మెంట్‌లోకి దిగగానే రెండూ వచ్చాయి. రసాయనాల వల్ల వచ్చే ఆస్తమాని అనుమానించేటప్పుడు మేం డాక్టర్లం మొట్టమొదట అడిగే ప్రశ్నే ఇది, సెలవుల్లో ఎలా ఉంది అని. మీరు అడక్కుండానే చెప్పేశారు. పైగా చిన్నప్పుడు ఆయాసం ఉంది. చిన్నప్పటి ఆస్తమా చాలామందిలో పెద్దయ్యాక కనబడకుండా పోతుంది, పోయిందనుకుంటాం, కానీ ఆ శ్వాసనాళాల సున్నితత్వం కొందరిలో అలాగే ఉండిపోయి, ఇలాంటి ఘాటు వాసనలు రోజూ తగిలితే మళ్లీ బయటపడుతుంది. దగ్గు పని చేస్తున్నప్పుడే రావాలని లేదు, నాలుగైదు గంటల తర్వాత, సరిగ్గా మీరు పడుకున్నాక రావచ్చు. అందుకే చాలామంది దాన్ని రంగులతో ముడిపెట్టుకోరు, చలిగాలి అనుకుంటారు, హీటర్ వల్ల గొంతు ఎండిపోయింది అనుకుంటారు. అవి కూడా కారణం కావచ్చు, కాదనను, కాబట్టి నేను ఇక్కడ కూర్చుని మీకు ఆస్తమా అని రాసెయ్యను. అక్కడి డాక్టర్ దగ్గర స్పైరోమెట్రీ, అంటే ఊపిరితిత్తుల పనితీరు కొలిచే ఊదే పరీక్ష, చేయించుకోవాలి. పగలు చేస్తే నార్మల్ రావచ్చు, అంతమాత్రాన ఏమీ లేదని వదిలేయొద్దు. పీక్ ఫ్లో మీటర్ అని చిన్న ప్లాస్టిక్ గొట్టం దొరుకుతుంది, దాంట్లో పొద్దున లేవగానే, రాత్రి పడుకునే ముందు గట్టిగా ఊది అంకె రాసుకోండి. రంగు కొట్టిన రోజు, కొట్టని రోజు పక్కపక్కన రాసుకుంటే మీ డాక్టర్‌కి సగం పని అయిపోతుంది.

ఎన్95 విషయం. దోమతెర పొగని ఆపనట్టే ఎన్95 రంగు పల్చబరిచే థిన్నర్ ఆవిరిని ఆపదు. అది దుమ్ముని, గాల్లో తేలే రంగు తుంపరలని పడుతుంది, అంతే. ఆకుపచ్చ మూత ఉన్న పల్చటి ప్లాస్టిక్ జిగురులో అసిటోన్, బ్యూటైల్ ఎసిటేట్ ఉంటాయి, కొన్ని లాకర్ (lacquer, ఘాటుగా ఉండి త్వరగా ఆరే రంగు) థిన్నర్లలో టోలీన్ కూడా ఉంటుంది, ఇవన్నీ ఆవిరిగా మాస్క్ లోంచి నేరుగా లోపలికి వెళ్తాయి. మీకు కావలసింది ముఖానికి పట్టే రబ్బరు హాఫ్ మాస్క్, దానికి రెండు వైపులా ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్‌లు (బొగ్గుతో ఆవిరిని పట్టే డబ్బాలు), వాటి మీద తుంపరల కోసం ఫిల్టర్. వాడాక జిప్ కవర్‌లో పెట్టి మూసేయాలి, టేబుల్ మీద వదిలేస్తే లోపలి బొగ్గు ఊరికే గాల్లో వాసనలు పీల్చుకుంటూ అయిపోతుంది. మాస్క్ వేసుకున్నా వాసన తెలుస్తోందంటే కార్ట్రిడ్జ్ మార్చాలి. ఇంకో మాట, గడ్డం ఉంటే ఆ రబ్బరు అంచు చర్మానికి అతుక్కోదు, పక్క నుంచి గాలి వచ్చేస్తుంది. గడ్డం ఉంచుకుంటానంటే మాస్క్ మీద నమ్మకం పెట్టుకోవద్దు.

మాస్క్ మీకొక్కరికే. పైన పడుకున్న మీ ఆవిడ, పాప సంగతి ఏమిటి? మీ ఆవిడ వాసన వస్తోందంటే అది నిజమే, ఊరికే అనడం లేదు. అక్కడి ఇళ్లలో వేడి గాలి ఫర్నేస్ ఎక్కువగా బేస్‌మెంట్‌లోనే ఉంటుంది, అది కింది గాలిని కూడా లాక్కుని, వేడి చేసి, గొట్టాల ద్వారా అన్ని గదుల్లోకీ పంపుతుంది. మీరు కింద కొట్టిన థిన్నర్ వాసన అదే దారిలో పాప గదిలోకి చేరుతోంది. చిన్నపిల్లలు బరువుతో పోలిస్తే మనకంటే ఎక్కువ గాలి పీలుస్తారు, కాబట్టి అదే గాలి వాళ్లకి ఎక్కువ తగులుతుంది. ఇంట్లో గర్భిణి ఎవరైనా ఉన్న పాఠకులు ఈ పేరా మళ్లీ ఒకసారి చదవండి.

దీనికంటే నన్ను భయపెట్టింది ఇంకోటి ఉంది. గ్యాస్ వాటర్ హీటర్ కూడా చాలా ఇళ్లలో అక్కడే ఉంటుంది, దాని మంట నేలకి దగ్గరగా ఉంటుంది. అసిటోన్, టోలీన్ ఆవిర్లు గాలి కంటే బరువు, నేల మీదే పాకుతాయి. మూసిన గదిలో కప్పు నిండా లాకర్ థిన్నర్ పెట్టుకుని ఎయిర్‌బ్రష్ కడగడం, పక్కన మంట. ఇది హెల్త్ కాలమ్ అయినా చెప్పకుండా ఉండలేను, ఆ గదిలో గ్యాస్ హీటర్ గానీ ఫర్నేస్ గానీ ఉంటే ఈ రోజు నుంచే అక్కడ స్ప్రే ఆపేయండి.

స్ప్రే బూత్ (లోపల పెట్టి రంగు కొట్టే ఫ్యాన్ పెట్టె) కొనుక్కోవాలనుకుంటే గొట్టంతో గాలిని ఇంటి బయటికి పంపేది కొనండి. ఫిల్టర్ పెట్టి అదే గాలిని తిరిగి గదిలోకి వదిలేవి ఉంటాయి, అవి రంగు పొడిని పడతాయి గానీ ఆవిరిని చాలావరకు వదిలేస్తాయి.

ఇప్పుడు 2కే దగ్గరకి వద్దాం. మీరు కట్టేది 1966లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన 2వ నంబర్ నల్ల కారు అని ఫొటోలో చూశాను, బ్రూస్ మెక్‌లారెన్, క్రిస్ ఏమన్ నడిపింది. ఇంజిన్ వెనక ఎనిమిది ఎగ్జాస్ట్ గొట్టాలు ఒకదాంట్లోంచి ఒకటి పెనవేసుకుని వచ్చేలా ఎంత ఓపిగ్గా అతికించారో చూసి చాలా ముచ్చటేసింది. నలుపు అంటే అద్దంలా మెరవాలి, ఒక్క దుమ్ము కణం పడ్డా కనిపిస్తుంది, అందుకే మనసు 2కే మీదకి పోయింది, అర్థం చేసుకోగలను. కానీ 2కే క్లియర్ గట్టిపడడానికి కలిపే హార్డెనర్‌లో ఐసోసైనేట్లు ఉంటాయి. నిజం కార్లకి పెయింట్ కొట్టే షాపుల్లో పనివాళ్లకి ఆస్తమా తెచ్చిపెట్టే పదార్థాల్లో ఇవి ముందు వరసలో ఉంటాయి, మీరు పనిచేసే రంగంలో ఎవరినడిగినా చెప్తారు. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత చాలా కొద్దిగా తగిలినా తీవ్రమైన ఆయాసం రావచ్చు, అది జీవితాంతం ఉండిపోవచ్చు కూడా. వాసన బట్టి జాగ్రత్త పడదామన్నా కుదరదు, హాని చేసే మోతాదులో ఉన్నా వాసన తెలియకపోవచ్చు, అంటే కార్ట్రిడ్జ్ అయిపోయినా మీకు తెలియదు. అందుకే పెద్ద షాపుల్లో బయటి నుంచి గాలి అందించే మాస్కులు వాడతారు. ఇప్పటికే దగ్గు, ఛాతీ పట్టేయడం ఉన్న మనిషి, చిన్నప్పుడు ఆయాసం ఉన్న మనిషి, బేస్‌మెంట్‌లో దీన్ని కొట్టడం అనే మాటే వద్దు. నా తమ్ముడైనా ఇదే చెప్తాను.

మరి మెరుపు ఎలా? మామూలు లాకర్ క్లియర్ పల్చటి కోట్లుగా వేసి, వారాల పాటు బాగా ఆరనిచ్చి, సన్నటి శాండ్ పేపర్‌తో నీళ్లు పెట్టి రుద్ది, పాలిషింగ్ కాంపౌండ్‌తో తుడిస్తే నలుపు చక్కగా మెరుస్తుంది. టైమ్ ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. నీళ్లు పెట్టి రుద్దితే ప్లాస్టిక్ పొడి, రంగు పొడి గాల్లోకి లేవవు, ఊపిరితిత్తులకి అదొక మేలు. రెజిన్ ముక్కలు ఏమైనా ఉంటే వాటిని అసలు పొడిగా రుద్దకండి.

నా సలహా ఏమిటంటే పని వరస మార్చుకోండి. ఈ చలికాలం అంతా ఇంజిన్ వైర్లు, సస్పెన్షన్, సీట్లు, డ్యాష్‌బోర్డు, చక్రాలు చేసుకోండి, చిన్న భాగాలకి నీళ్లతో కలిపే ఎక్రిలిక్ రంగులు బ్రష్‌తో వేయండి. బాడీని పక్కన పెట్టేయండి. మే నెలలో గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి, లోపల కారు ఇంజిన్ ఆన్‌లో లేకుండా, ఆ హాఫ్ మాస్క్‌తో రంగు కొట్టండి. అప్పటికి మీ పీక్ ఫ్లో అంకెలు కూడా చేతిలో ఉంటాయి, ఊపిరితిత్తులు బాగా లేవని తేలితే బాడీ పెయింటింగ్ ఇంకెవరి చేతనైనా కొట్టించుకోండి.

తలనొప్పికి రెండు కారణాలు ఉండొచ్చు, వాటిని విడదీయడం తేలిక. రంగు, జిగురు ముట్టని రాత్రి, ఉత్తినే భాగాలు కోసి సరిచూసుకున్న రాత్రి కూడా తలనొప్పి వచ్చిందంటే అది కళ్లు, మెడ. 42 అంటే చత్వారం మొదలయ్యే వయసే. పుస్తకం 40 సెంటీమీటర్ల దూరంలో చదువుతాం, ఈ చిన్న భాగాలని మీరు 25 సెంటీమీటర్లకి తెచ్చుకుంటారు, ఆ దూరానికి కంటి కండరం చాలా ఎక్కువ కష్టపడాలి. కళ్ల పరీక్షకి వెళ్లినప్పుడు చదవడానికి అని చెప్పకండి, ఎంత దూరంలో పెట్టుకుని పని చేస్తారో స్కేల్‌తో కొలిచి ఆ దూరానికి అద్దాలు అడగండి. తలకి పెట్టుకునే భూతద్దం కూడా మంచిదే. దగ్గరి పనిలో రెప్ప వేయడం తగ్గిపోతుంది, మంట కొంత దాని వల్ల కూడా. బీపీ ఒకసారి చూపించుకోండి, ఈ వయసులో తలనొప్పి అంటే అది వదిలేయకూడదు.

చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరి అంటే అల్నార్ నరం. ఫొటోలో చూశాను, ఎడమ మోచేయి టేబుల్ అంచు మీద ఆనించి ఆ చేత్తో భాగాన్ని పట్టుకుని కూర్చున్నారు. మోచేయి లోపలి వైపు ఆ నరం చర్మం కిందే ఉంటుంది, మూడు గంటలు అంచుకి నొక్కుకుంటే తిమ్మిరెక్కకుండా ఎలా ఉంటుంది? మందపాటి టవల్ మడిచి పెట్టుకోండి, భాగాన్ని చిన్న వైస్‌లో బిగించండి, అరగంటకోసారి లేచి చేతులు చాపండి, పడుకునేటప్పుడు మోచేయి పూర్తిగా మడిచి తల కింద పెట్టుకోవద్దు. నెలలో తగ్గకపోయినా, పట్టు తగ్గి చేతిలోంచి వస్తువులు జారుతున్నా న్యూరాలజిస్ట్‌ని కలవండి. షుగర్, థైరాయిడ్, బీ12 ఎలాగూ చేయించండి, మనవాళ్లలో షుగర్ ఎక్కువ, శాకాహారులకి బీ12 తక్కువ.

పాప విషయంలో మూడు సంగతులు మీ ఆవిడకి కూడా చెప్పండి. హెడ్‌లైట్లలో ఎల్‌ఈడీ పెట్టడానికి బటన్ బ్యాటరీ వాడుతుంటే అది తాళం వేసిన పెట్టెలో ఉండాలి. మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు, అనుమానం వచ్చినా వెంటనే ఎమర్జెన్సీకి పరుగెత్తాలి. రెండోది, థిన్నర్ తాగితే మన ఇళ్లలో అలవాటుగా ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయిస్తారు, అది చేయొద్దు. వాంతిలో ఆ ద్రవం ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది. అమెరికాలో పాయిజన్ కంట్రోల్ నంబర్ 1-800-222-1222, ఫ్రిజ్ మీద రాసి అంటించండి. ఊపిరి ఆడకపోయినా, మగతగా ఉన్నా నేరుగా 911. మూడోది సూపర్ గ్లూ. కంట్లో పడితే రెప్పలు లాగి విడదీయకుండా గోరువెచ్చని నీళ్లతో కడిగి కంటి డాక్టర్ దగ్గరకి వెళ్లాలి, చర్మానికి అతుక్కుంటే గోరువెచ్చని సబ్బునీళ్లలో నానబెట్టాలి. ఇంకా చాలామందికి తెలియనిది, ఆ గ్లూ నూలు బట్ట మీద ఎక్కువగా ఒలికితే ఒక్కసారిగా వేడెక్కి చర్మం కాల్చేస్తుంది. లుంగీ కట్టుకుని, బనియన్ మీద కూర్చుని ఆ పని చేయకండి, దూదితో తుడవకండి.

కత్తితో చెయ్యి తెగితే నీళ్ల కింద బాగా కడిగి గట్టిగా అదిమి పట్టుకోండి. పదేళ్లలోపు టెటనస్ బూస్టర్ తీసుకుని ఉంటే శుభ్రమైన చిన్న గాయానికి మళ్లీ అక్కర్లేదు.

అక్కడి డాక్టర్ దగ్గరకి వెళ్లేటప్పుడు మీరు వాడే జిగురు, థిన్నర్, రంగు డబ్బాల వెనక లేబుల్ ఫొటోలు, తయారీదారుల సైట్‌లో ఉండే సేఫ్టీ డేటా షీట్లు ఫోన్‌లో పెట్టుకెళ్లండి. హాబీ కోసం రంగులు కొడతాను అని ఊరికే చెప్తే ఎవరైనా వాటర్ కలర్స్ అనుకుంటారు, ఎయిర్‌బ్రష్‌తో లాకర్ అని స్పష్టంగా చెప్పండి, ఇండియాలో ఉన్నప్పుడు దగ్గు లేదన్నది కూడా చెప్పండి. ఈలోగా రాత్రి ఆయాసంతో మెలకువ వచ్చినా, మాట్లాడడానికి ఊపిరి సరిపోకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, అదే రాత్రి వెళ్లండి. స్పైరోమెట్రీ రిపోర్టు, రెండు వారాల పీక్ ఫ్లో అంకెలు వచ్చాక నాకు పంపితే చూసి చెప్తాను.