మా నాన్న హిందువుగానే చనిపోయారు. ఆయన నరకంలోనే ఉన్నట్టా? క్రైస్తవులంతా ఇలాగే నమ్ముతారా?

మీరు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇదీ: పెళ్ళయ్యాక మీరు రక్షణ పొందారు (యేసుని నమ్ముకున్నారు), నాన్నగారు బాప్తిస్మం తీసుకోకుండానే పోయారు, ఇంటికి ప్రార్థనకి వచ్చిన పాస్టరుగారు ఆయన నరకంలో ఉన్నారన్నట్టే మాట్లాడారు. ఇప్పుడు మీ అన్నయ్య సంవత్సరీకం పెడుతున్నాడు, దానికి వెళ్ళొచ్చా అని కూడా అడిగారు.

మొదటిదానికి జవాబు, కాదండి. క్రైస్తవులంతా ఒకేలా నమ్మరు, ఎప్పుడూ నమ్మలేదు కూడా. నేను పాస్టర్ని కాదు, బైబిల్ కాలేజీలో చదవలేదు. కానీ ఇదే ప్రశ్న పట్టుకుని వైజాగ్‌లో కనబడ్డ ప్రతి చర్చి మనిషినీ పదేళ్ళు విసిగించాను.

మాది కంచరపాలెం. మా నాయనమ్మ సింహాద్రి అప్పన్న భక్తురాలు. చందనోత్సవం నాడు నిజరూప దర్శనానికి అర్ధరాత్రే లైన్లో నిలబడేది. అలా అని అప్పన్న ఒక్కడే కాదు. హార్బరు దగ్గర మూడు కొండలున్నాయి కదా, ఒకదాని మీద వెంకన్న, ఒకదాని మీద దర్గా, రాస్ హిల్ మీద మరియమాత. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళూ మూడూ ఎక్కింది. నాకు ఆరేళ్ళప్పుడు మా అమ్మ సముద్రంలో బాప్తిస్మం తీసుకుంది, బాప్టిస్టు చర్చి. నాయనమ్మ పేచీ ఏమీ పెట్టలేదు. నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా ఆవిడ పోయింది. మూడు వారాల తర్వాత ఇంట్లో ప్రార్థన పెడితే ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు హెబ్రీయులకు 9:27 తీశాడు. "మనుష్యులొక్కసారే మృతిపొందవలెనని నియమింపబడెను, ఆ తరువాత తీర్పు జరుగును." అక్కడితో ఆగినా సరిపోయేది. "ఈ ఇంటి పెద్దావిడకి ఇక తలుపు మూసుకుపోయింది, మిగిలినవాళ్ళయినా త్వరపడండి" అన్నాడు. మా అమ్మ లేచి వంటింట్లోకి వెళ్ళి కడిగిన గిన్నెలే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది. ఆయన రెండు రాత్రులు మా ఇంట్లోనే భోజనం చేశాడు, ఆ ఒక్కమాట తప్ప ఇంకేం గుర్తులేదు నాకు.

ఆ రాత్రి నాన్నని అడిగాను. నాన్న ఏ గుడికీ వెళ్ళడు, ఏ చర్చికీ రాడు. "నరకమంటే చేసినదానికి శిక్ష అనుభవించి మళ్ళీ పుట్టడమే కదరా, ఎప్పటికీ అక్కడే ఎందుకుంటుంది మీ నాయనమ్మ?" అన్నాడు. అప్పుడు ఊరుకున్నాను గానీ తర్వాత చాలాకాలం ఆలోచించాను. ఆ మాట మనకి వచ్చింది పురాణాల్లోంచి. యముడు, చిత్రగుప్తుడు, కుంభీపాకం, అంతా ఉంది, కానీ దానికి ముగింపు కూడా ఉంది. పాపం తీరాక బయటికి వస్తారు. 1805లో లండన్ మిషనరీ సొసైటీవాళ్ళు ఇదే విశాఖపట్నం వచ్చి బైబిల్‌ని తెలుగు చేసే పని మొదలుపెట్టారు. వాళ్ళయినా తర్వాతివాళ్ళయినా చేతికందిన తెలుగు మాటలతోనే కదా పని చేయాలి. అలా మన బైబిల్లోకి వచ్చిన 'నరకము' అనే మాటని ఇంట్లో ఒకరు ఒకలా, చర్చిలో ఒకరు ఇంకోలా వింటారు. మీ పాస్టరుగారు అన్న మాట మీ అన్నయ్యకి వినబడిన తీరూ మీకు వినబడిన తీరూ ఒకటే అయ్యుండకపోవచ్చు.

ఇంకో సంగతి. పాత ఇంగ్లీషు బైబిల్లో చాలాచోట్ల మూలంలోని రెండుమూడు వేర్వేరు మాటలకి 'హెల్' అనే ఒకటే మాట పెట్టేశారు. మన తెలుగు బైబిల్ ఆ విషయంలో నయం. చనిపోయినవాళ్ళు చేరే చోటుకి 'పాతాళము' అనీ, శిక్ష సంగతి వచ్చినప్పుడు 'నరకము' అనీ విడిగా రాశారు. ధనవంతుడు, లాజరు కథలో (లూకా 16) ఆ ధనవంతుడు బాధపడేది పాతాళంలో, తీర్పు తర్వాత వచ్చే అగ్నిగుండంలో కాదు. యేసు 'గెహెన్నా' అన్నచోట నరకము అని ఉంటుంది. గెహెన్నా అంటే యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ. పూర్వం అక్కడ పిల్లల్ని అగ్నిలో బలిచ్చారని యిర్మీయా గ్రంథంలో ఉంది. అది ఊరి చెత్త తగలబెట్టే చోటు అని ప్రసంగాల్లో చెబుతుంటారు, నేనూ చాలాకాలం చెప్పాను, కానీ ఆ మాట యేసు తర్వాత వెయ్యేళ్ళు దాటాక ఒక యూదు పండితుడి రాతల్లో గానీ కనబడదు.

ఇక మనుషుల దగ్గరికి వస్తాను. మా పెద్దమ్మ జ్ఞానాపురంలో ఆర్‌సీఎం (రోమన్ కథోలిక్) వాళ్ళింటి కోడలు. కథోలికులకి స్వర్గం, నరకం కాక ఉత్తరించు స్థలం ఉంది. దీన్ని చాలామంది, ముఖ్యంగా మా బాప్టిస్టులు, రెండో అవకాశం అనుకుంటారు. కాదు. అక్కడికి వెళ్ళేవాళ్ళు ఎలాగూ రక్షింపబడ్డవాళ్ళే, మిగిలిన మురికి కడుక్కోవడానికి ఆగుతారంతే. 1274లో లియోన్‌లో జరిగిన సంఘ మహాసభ, 1439లో ఫ్లోరెన్స్ మహాసభ దీన్ని అధికారికంగా చెప్పాయి. 1517లో జర్మనీలో లూథర్ అనే సన్యాసి గొడవ మొదలుపెట్టింది కూడా ఆ స్థలం నుంచి ఆత్మలు త్వరగా బయటపడతాయని చెప్పి పాపపరిహార పత్రాలు అమ్ముతున్నందుకే. అందుకే అలా విడిపోయిన ప్రొటెస్టెంట్లకి (మా బాప్టిస్టులూ వాళ్ళలోవాళ్ళే) ఆ పేరు ఎత్తితే ఒళ్ళు మంట. మరి బాప్తిస్మం లేని నాయనమ్మ సంగతేంటి అని అడిగితే పెద్దమ్మకి తెలియలేదు, వాళ్ళ ఫాదర్‌ని అడిగి చెప్పింది. 1964లో రెండో వాటికన్ మహాసభ ఒక మాట చెప్పిందట: తమ తప్పు లేకుండా సువార్త ఎరగక, నిజమైన మనసుతో దేవుణ్ణి వెతుకుతూ, మనస్సాక్షి చెప్పినట్టు బతికినవాళ్ళు కూడా రక్షణ పొందవచ్చు అని. 'పొందవచ్చు', 'పొందుతారు' అని కాదు. ఇంకో విషయం విని నేను నిజంగా ఆశ్చర్యపోయాను. ఆ సంఘం వేలమందిని పునీతులుగా ప్రకటించింది, అంటే ఫలానావారు పరలోకంలో ఉన్నారని చెప్పింది. ఫలానావాడు నరకంలో ఉన్నాడని మాత్రం ఇంతవరకు ఒక్కరి గురించి కూడా ప్రకటించలేదు. యేసుని పట్టించిన యూదా గురించి కూడా.

నవంబరు 2న సమాధుల పండుగకి పెద్దమ్మ జ్ఞానాపురం సమాధుల దగ్గరికి వెళ్తుంది. మామగారికి, అత్తగారికి కొవ్వొత్తులు పెట్టాక పెద్ద సిలువ దగ్గర ఇంకోటి వెలిగిస్తుంది. నాయనమ్మని దహనం చేసిందీ జ్ఞానాపురం శ్మశానంలోనే. "పక్కనే కదా, వెలుగు కనబడుతుందిలే" అంటుంది. ఇది ఏ సిద్ధాంతమో నన్నడక్కండి.

నాన్న స్నేహితుడు ఒకాయన, స్టీల్ ప్లాంట్‌లో చేసేవారు, శనివారం డ్యూటీ పడితే ఎవరినో బతిమాలి షిఫ్టు మార్చుకునేవారు. ఏడవ దిన అడ్వెంటిస్టు. ఆయన లెక్క పూర్తిగా వేరు. "మీ నాయనమ్మ ఇప్పుడు ఎక్కడా లేదు బాబూ, నిద్రలో ఉంది" అన్నారు. ప్రసంగి 9:5 చూపించారు, "చచ్చినవారు ఏమియు ఎరుగరు." పునరుత్థానం వరకు ఎవరికీ స్వర్గమూ లేదు, నరకమూ లేదు. దుష్టులు యేసు మళ్ళీ వచ్చిన వెయ్యేళ్ళకి లేచి, తీర్పు పొంది, కాలి బూడిదైపోతారు, అంతటితో సరి. మలాకీ 4లో దుర్మార్గులు కొయ్యకాలువలె ఉందురని ఉంది. "కోతలయ్యాక పొలంలో కొయ్యకాలు ఎప్పటికీ మండుతూనే ఉంటాయా?" అని అడిగారు. మత్తయి 25:46లో నిత్యశిక్ష అని ఉంది కదండీ అంటే, శిక్ష ఫలితం నిత్యం, శిక్షించడం నిత్యం కాదు, సొదొమకి నిత్యాగ్ని అని యూదా పత్రికలో ఉంది, అది ఇప్పటికీ మండుతోందా అన్నారు. దానికి మా చర్చివాళ్ళ జవాబు కూడా గట్టిదే: అదే వచనంలో నిత్యజీవానికీ అదే మాట వాడారు, ఒకదానికి ముగింపు ఉందంటే రెండోదానికీ ఉన్నట్టే. ఈ వాదన నా చిన్నప్పటి నుంచీ నడుస్తోంది, ఇద్దరూ ఓడిపోరు. అడ్వెంటిస్టులే అంటారనుకోకండి, ఆంగ్లికన్ పండితుడు జాన్ స్టాట్ కూడా 1988లో, దుష్టులు చివరికి లేకుండా పోతారనే వైపు తాను మొగ్గుతున్నానని రాస్తే పెద్ద దుమారమే లేచింది.

యెహోవాసాక్షులు కూడా ఓసారి మా ఇంటికి వచ్చారు, ఇద్దరు ఆడవాళ్ళు, ఎండలో. వాళ్ళకి బాధించే నరకమే లేదు. పరలోకానికి 1,44,000 మంది, మిగిలినవాళ్ళకి భూమి మీదే పరదైసు, తెలియక పోయినవాళ్ళు లేచాక నేర్చుకునే వీలుంటుంది అన్నారు. త్రిత్వాన్ని (తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడు అనేదాన్ని) ఒప్పుకోరు కాబట్టి మిగతా సంఘాలు వాళ్ళని క్రైస్తవుల్లో లెక్కేయవు, అది వేరే చర్చ. అమ్మ వాళ్ళకి మజ్జిగ ఇచ్చి పంపింది.

మధురవాడలో ఉద్యోగంలో చేరాక పక్క సీటు మలయాళీ దొరికాడు, ఆర్థడాక్స్. వాళ్ళకి ఉత్తరించు స్థలం లేదు కానీ చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థనలున్నాయి, నలభయ్యో రోజున, ఆ తర్వాత ఏటా, భోజనాలతో సహా. మన సంవత్సరీకంలాగే ఉందే అంటే నవ్వాడు. 7వ శతాబ్దంలో సిరియాక్ భాషలో రాసిన ఇసాకు అనే నీనెవె బిషప్ గురించి అతనే చెప్పాడు. ఆ ఇసాకు దృష్టిలో నరకంలో ఉన్నవాళ్ళని కొట్టేది ప్రేమే. ప్రేమించినవాడిని గాయపరిచామని తెలిశాక పడే బాధ కంటే పెద్ద శిక్ష లేదని. అంతకు ముందే 4వ శతాబ్దంలో నిస్సా బిషప్ గ్రెగొరీ, చివరికి అందరూ దేవుడి దగ్గరికి చేరతారని ఆశపడ్డాడు. ఆయన ఇప్పటికీ పునీతుడే. కానీ అలాంటి మాటలే అన్న 3వ శతాబ్దపు పండితుడు ఓరిగెన్‌ని 553 నాటి కాన్‌స్టాంటినోపుల్ మహాసభ పేరుపెట్టి ఖండించింది. 5వ శతాబ్దపు బిషప్ అగస్టీన్ అయితే ఇలా అందరి మీదా జాలిపడే క్రైస్తవులతో వాదించడానికి చాలా పేజీలు ఖర్చు పెట్టాడు. అంటే ఆయన కాలానికే అలా ఆలోచించేవాళ్ళు సంఘంలో తక్కువేమీ లేరన్నమాట.

నేను ఇప్పటికీ అమ్మ చర్చికే వెళ్తున్నాను. అందరూ చివరికి రక్షింపబడతారని ఒప్పుకోవడానికి నాకు మనసొప్పదు, ఈ లోకంలో కొందరు చేసిన పనులు చూశాక. అలా అని ఎప్పటికీ ఆరకుండా కాలడం అనేదాని కన్నా ప్రకటన గ్రంథంలోని 'రెండవ మరణము' అనే మాటే నాకు దగ్గరగా అనిపిస్తుంది. మా చర్చిలో ఈ మాట గట్టిగా అంటే ఆదివారం స్కూలు క్లాసు నాకివ్వరు, కాబట్టి అనను. పిరికితనమే అనుకోండి.

కానీ ఎవరు అక్కడున్నారు అనేది వేరే ప్రశ్న. దీనికి నాకు సరైన జవాబు చెప్పింది మెత్తని మనిషి కాదు. బొబ్బిలి వైపు నుంచి వచ్చిన ఒక ముసలి బాప్టిస్టు పాస్టరు, సినిమాకి వెళ్తేనే పాపం అనే రకం. నరకం నిత్యమని నూటికి నూరుపాళ్ళు నమ్మేవారు. అమ్మ ఆయన్ని అడిగితే, "ఆఖరి గంటలో ఆవిడకీ ప్రభువుకీ మధ్య ఏం జరిగిందో నువ్వు చూశావా అమ్మా? ప్రభువు పక్కన సిలువ మీద ఆఖరి ఘడియలో నమ్మిన దొంగకి ఎంతసేపు పట్టింది? సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?" అన్నారు. ఆ చివరిది అబ్రాహాము దేవుణ్ణే అడిగిన ప్రశ్న, ఆదికాండము 18లో ఉంది. నరకం ఉందని ప్రకటించడం తన పని, అందులో ఎవరి పేరు రాయాలో తన పని కాదు అన్నారాయన. మీ పాస్టరుగారితో వాదన పెట్టుకోవాలనిపిస్తే ఇక్కడ పెట్టుకోండి. నరకం ఎలా ఉంటుందన్న చోట ఆయన మీకంటే ఎక్కువ వచనాలు చెబుతారు. మా నాన్న అక్కడున్నారని మీకెవరు చెప్పారు అంటే మాత్రం చూపించడానికి ఆయన దగ్గర వచనం ఉండదు.

సంవత్సరీకం సంగతి. మొదటి కొరింథీయులకు 10:27లో అవిశ్వాసి విందుకు పిలిస్తే, వెళ్ళాలనిపిస్తే వెళ్ళి, పెట్టినది తినమని ఉంది. తర్వాతి వచనంలోనే, ఇది బలి అర్పించినది అని ఎవరైనా చెబితే తినొద్దని కూడా ఉంది. ఒకే పేజీ చూపించి వెళ్ళమనేవాళ్ళూ ఉన్నారు, వద్దనేవాళ్ళూ ఉన్నారు. మా అమ్మ నాయనమ్మ సంవత్సరీకానికి ప్రతి ఏడూ వెళ్ళింది. ముందురోజే వెళ్ళి కూరలు తరిగేది, గారెలకి పప్పు రుబ్బేది, పిండాలు పెట్టేటప్పుడు పెరట్లో కూర్చునేది. భోజనంలో మొదటి ఏడు పెరుగన్నం, అరటిపండు మాత్రం తింది, మా అత్త కాస్త ముఖం మాడ్చుకుంది, మూడో ఏటికి ఎవరూ పట్టించుకోలేదు. మీరు వెళ్ళేటట్టయితే మాత్రం, ఏం చేస్తారో ఏం చేయరో అన్నయ్యకీ వదినకీ వారం ముందే ఫోన్ చేసి చెప్పండి. విస్తరి ముందు కూర్చున్నాక చెబితే గొడవవుతుంది.