శనివారం వస్తానంటే శనివారమే వెళ్లాలి

బంగారూ,

"పెద్దమ్మా, నాకు టీచర్ అవ్వాలని ఉంది, డిగ్రీ అయ్యేదాకా ఊరికే కూర్చోవాలా?" అని నిన్న రాత్రి ఫోన్‌లో అడిగావు. అప్పటినుంచి నాకు అదే ధ్యాస. కూర్చోనక్కర్లేదమ్మా. ముప్పై నాలుగేళ్లు బడిలోనే గడిపినదాన్ని, నాకు తెలిసింది రాస్తున్నాను. ఫోన్‌లో చెబితే గాలికి పోతుంది, కాగితం మీదుంటే మళ్లీ చూసుకుంటావు.

ముందు మీ కాలేజీ ఎన్ఎస్ఎస్ యూనిట్‌లో, అంటే జాతీయ సేవా పథకంలో చేరు. గాంధీగారి శతజయంతి ఏడాది, 1969లో, 37 విశ్వవిద్యాలయాల్లో మొదలైంది అది. సర్టిఫికెట్ కోసం చేరి, మొక్క నాటి, ఫొటో దిగి వచ్చేసేవాళ్లను చాలామందిని చూశాను. నువ్వు అలా చేయకు. రెండేళ్లలో 240 గంటలు, అంటే ఏడాదికి 120 గంటలు పని చేయాలి. వారానికి మూడు గంటల చొప్పున నలభై వారాలన్నమాట. వీలైనన్ని గంటలు ఒకే బడిలో, అదే పిల్లలతో పని చేస్తానని మీ ప్రోగ్రాం ఆఫీసర్‌ని అడుగు.

ఒకే బడి అని ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. ఒక చలికాలం మా బడికి కాలేజీ పిల్లలు పది రోజులు వచ్చారు. పాటలు పాడించారు, ఆటలు ఆడించారు, పిల్లలు వాళ్లని వదల్లేదు. వెళ్లేటప్పుడు "మళ్లీ శనివారం వస్తాం" అన్నారు. రాలేదు. మూడో తరగతి అమ్మాయి ఒకతె వరసగా మూడు శనివారాలు నున్నగా తల దువ్వించుకుని, కనకాంబరాలు పెట్టుకుని గేటు దగ్గర నిలబడింది. నాలుగో శనివారం నిలబడలేదు. ఆ తర్వాత బడికి కొత్తవాళ్లు ఎవరొచ్చినా ఆ పిల్ల వెనక వరసలోకి వెళ్లిపోయేది. ఆ కాలేజీ పిల్లలు చెడ్డవాళ్లు కాదు, పరీక్షలు వచ్చి ఉంటాయి. ఆ మాట పిల్లలకి చెప్పినవాళ్లు లేరు, అంతే. నీ సెమిస్టర్ పరీక్షలు ఎప్పుడో నీకు ముందే తెలుస్తాయి కదా! బడి గోడ మీద కేలెండర్‌లో నువ్వు రాని రోజులు పిల్లల చేతే సున్నా చుట్టించు. రెండు రోజులు కుదరకపోతే వారానికి ఒక్కరోజే వెళ్లు, కానీ ఆ రోజు మాత్రం తప్పకు.

ఎక్కడికి వెళ్లాలంటావా? నన్నడిగితే సాంఘిక సంక్షేమ హాస్టల్‌తో మొదలుపెట్టమంటాను. సాయంత్రం స్టడీ అవర్‌లో అన్ని తరగతుల పిల్లలూ ఒక్కచోటే కూర్చుంటారు. వార్డెన్‌కి వంట చూసుకోవాలి, జ్వరం వచ్చినవాళ్లని చూసుకోవాలి, రిజిస్టర్లు రాసుకోవాలి. లెక్కలు చెప్పడానికి ఒక అక్క వస్తానంటే ఎందుకు వద్దంటారు? మీ ప్రిన్సిపాల్ ఇచ్చిన ఉత్తరం పట్టుకుని వెళ్లు. పైఆఫీసు అనుమతి కావాలంటే ఓపిగ్గా తెచ్చుకో. సర్కారు బడికైతే కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి పోర్టల్‌లో వాలంటీర్‌గా పేరు నమోదు చేసుకోవచ్చు. పేరు నమోదైనా సరే, హెచ్ఎంని కలిసి, ఏ క్లాసు టీచర్‌కి నీ సాయం కావాలో కనుక్కుని, ఆ టీచర్ చెప్పినట్టు చేయి. ఆవిడ పాఠం నువ్వు చెప్పడం కాదు, ఆవిడకి టైము చాలని పిల్లల్ని నువ్వు పట్టించుకోవాలి.

మొదటి రోజు పాఠం చెప్పేయాలని నీకు చేతులు దురదపెడతాయి. చెప్పకు. పిల్ల ఎక్కడ ఆగిపోయిందో కనుక్కో. ఐదో తరగతి కుర్రాడొకడు నా దగ్గర పాఠం గడగడా చదివాడు. ఎందుకో అనుమానం వచ్చి పుస్తకం మూసేశాను. వాడు ఆగలేదు, అదే రాగంతో చివరిదాకా అప్పజెప్పాడు. మళ్లీ తెరిచి నడిమధ్యలో "కష్టం" అన్న మాట మీద వేలు పెట్టాను. చాలాసేపు చూసి "కషం" అన్నాడు. గుణింతాలు వచ్చు, ఒత్తులు రావు. రావని బయటపడకుండా పాఠాలన్నీ బట్టీ పట్టాడు. అంత జ్ఞాపకశక్తి ఉన్న పిల్లాడిని ఐదేళ్లు చదువు రానివాడి కింద జమకట్టాం, నేనూ అందులో ఉన్నాను. రోజుకి ఐదు ఒత్తు మాటలు అట్టముక్కల మీద రాసి ఇచ్చేదాన్ని, జేబులో వేసుకుని తిరిగేవాడు. సంక్రాంతి సెలవులకి ముందు వాడు బస్సు బోర్డు చదివి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

పిల్లలకి చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూడటానికి ప్రథమ్ సంస్థ 2005 నుంచి పల్లెల్లో చేస్తున్న అసర్ సర్వేలో ఇలా చూడటానికి సులువైన పద్ధతి ఉంది. అక్షరాలు, మాటలు, నాలుగు వాక్యాల పేరా, రెండో తరగతి స్థాయి కథ, ఇంతే. తెలుగు కాగితం నెట్‌లో దొరుకుతుంది, ఒక్కో పిల్లకి ఐదు నిమిషాలు చాలు. ఆ తర్వాత తరగతి లెక్కన కాకుండా ఎక్కడ ఆగారో దాన్ని బట్టి కూర్చోబెట్టు. ఎవరిది ఏ మెట్టో గట్టిగా చదివి వినిపించకు, అది నీ నోట్‌బుక్‌లోనే ఉండాలి.

లెక్కల్లోనూ ఇంతే. 52లోంచి 27 తీసేయమంటే 35 అని వేసే పిల్లలు నీకు బోలెడుమంది కనిపిస్తారు. ఏడులోంచి రెండు తీసేశారు, ఐదులోంచి రెండు తీసేశారు. పెద్దదాంట్లోంచి చిన్నది తీయాలని మనమే చెప్పాం కదా, వాళ్లు అదే చేశారు. "పక్కనుంచి అప్పు తెచ్చుకో" అని వందసార్లు అన్నా ఆ మాట వాళ్లకి ఎక్కదు. చీపురు పుల్లలు పదేసి రబ్బరు బ్యాండుతో కట్టి, ఐదు కట్టలూ రెండు విడి పుల్లలూ చేతిలో పెట్టి, "నాకు ఇరవై ఏడు ఇవ్వు" అను. రెండు కట్టలు ఇచ్చేస్తారు. ఏడు విడి పుల్లల దగ్గర ఆగిపోతారు. నువ్వు ఏమీ అనకు. కాసేపటికి వాళ్లే ఒక కట్ట విప్పుతారు. ఆ విప్పే క్షణం నువ్వు చూడాలి! మిగిలింది ఇరవై ఐదని నువ్వు చెప్పనక్కర్లేదు.

మీ ఎన్ఎస్ఎస్ క్యాంపు ఏజెన్సీ ఊళ్లో పెడితే ఇంకో మాట గుర్తుంచుకో. సీతంపేట వైపు పనిచేసిన నాలుగేళ్లలో క్లాసులో నోరు విప్పని సవర గిరిజన పిల్లలు బయట ఎన్ని కబుర్లు చెప్పుకునేవాళ్లో విన్నాను. వాళ్లకి మాటలు రాక కాదు, మన తెలుగు వాళ్ల ఇంటి భాష కాక. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉన్నప్పుడు సవర భాష నేర్చుకుని, ఆ భాషలోనే పుస్తకాలు రాసి ఆ పిల్లలకి చదువు చెప్పించారు. నువ్వు అంత చేయలేకపోయినా, మొదటి వారం పిల్లల దగ్గర పది మాటలు నేర్చుకో. నువ్వు తప్పు పలికితే వాళ్లు నవ్వుతారు, నిన్ను దిద్దుతారు. ఆ రోజునుంచి నీతో మాట్లాడతారు.

చూపులేని విద్యార్థులకి పరీక్ష రాసిపెట్టడం కూడా మంచి పని. స్క్రైబ్ చదువు ఎంత ఉండాలన్న నిబంధన పరీక్షని బట్టి మారుతుంది, ముందే అడుగు. వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయి, నీ తెలివి కలపకు. సైన్స్ మీద సరదా ఉంటే జన విజ్ఞాన వేదిక వాళ్ల చెకుముకి కార్యక్రమాలకి సాయం వెళ్లు. కథల పుస్తకాలు లేని బడి అయితే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో తెలుగు కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింట్ తీసుకెళ్లొచ్చు. ఇంగ్లిష్ కథని నువ్వే తెలుగు చేసి అందులో పెట్టొచ్చు కూడా.

ఇంటి దగ్గర ట్యూషన్ చెప్పి డబ్బు తీసుకుంటే తప్పా అన్నావు. ఏం తప్పు లేదు, నీ కష్టం అది. హోంవర్క్ మాత్రం నువ్వు చేసిపెట్టకు. ఎక్కడ చెప్పినా తలుపు తీసి ఉంచు, పిల్లల ఫొటోలు స్టేటస్‌లో పెట్టకు. ఏ పిల్లైనా ఇంట్లో కొడుతున్నారని గానీ, ఎవరో ముట్టుకుంటున్నారని గానీ చెబితే, రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకు. అదే రోజు హెచ్ఎంకి చెప్పు, లేదా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయి.

బీఈడీ సంగతికి ఇప్పుడే టెన్షన్ పడకు. ఎడ్‌సెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్లు చదవొచ్చు, లేదా డిగ్రీ అయ్యాక టీచ్ ఫర్ ఇండియా ఫెలోషిప్‌లో రెండేళ్లు క్లాసు చూసుకుని అప్పుడు ఆలోచించుకోవచ్చు. ఈ ఏడాది పిల్లల మధ్య గడిపాక నీకే తెలుస్తుంది. ఎవరు ఎక్కడ తడబడ్డారో రోజూ రెండు వాక్యాలు రాసుకుంటూ ఉండు.

దసరాకి వస్తావు కదా, నా పాత ట్రంకు పెట్టెలో పుల్లల కట్టలు ఇంకా అలాగే ఉన్నాయి. రబ్బరు బ్యాండులు కరిగి అంటుకుపోయాయి, కొత్తవి తీసుకురా. ఇద్దరం కూర్చుని కట్టేద్దాం.

మీ పెద్దమ్మ