సమాధానం: 15 శాతం అనే లెక్క తక్కువ చూపిస్తోంది

తమ్ముడూ, మంజీరా నదిలో 200 కొర్రమీన్లకు ట్యాగులు (చేపకు గుచ్చే గుర్తింపు చీటీలు) వేస్తే 30 తిరిగొచ్చాయి, కాబట్టి గాలంవాళ్లు 15 శాతమే పట్టుకెళ్తున్నారన్నావు. తప్పు అక్కడే ఉంది. దొరికిన ట్యాగు అందరూ తెచ్చివ్వరు. అమెరికా నదుల్లో బాస్ చేపలకు చేసినట్టు, కొన్ని ట్యాగుల మీద పెద్ద బహుమతి రాయి. డబ్బు గట్టిగా ఉంటే దాదాపు అందరూ చెబుతారు. అవి 25 శాతం వచ్చి, మామూలువి 15 దగ్గరే ఆగితే, మామూలు ట్యాగు దొరికినవాళ్లలో చెప్పేవాళ్లు 60 శాతమే (25లో 15). అంటే నీకు వచ్చిన 30 కూడా 60 శాతమే, పట్టినవి 50.

చేప ఒంటి నుంచి ఊడిపోయే ట్యాగులు కూడా ఉంటాయి. కొన్ని చేపలకు రెండేసి ట్యాగులు వేస్తే, ఒక్కదానితోనే దొరికినవాటిని బట్టి అది తెలుస్తుంది. పదో వంతు ఊడాయనుకుంటే 180లో 50, దాదాపు 28 శాతం! నాకైతే ఇది నిజంగా టెన్షన్ పెట్టే అంకె.

హైదరాబాద్ నుంచి ఆదివారం వచ్చేవాళ్లలో పట్టి వదిలేసేవాళ్లూ ఉంటారు. ట్యాగు దొరికిందని వాళ్లు ఫోన్ చేసినప్పుడు చేపను ఇంటికి తీసుకెళ్లారా, వదిలేశారా అని తప్పక అడుగు.