పండక్కి పార్సిల్ కట్టేముందు

దీపావళికి దూరాన ఉన్నవాళ్లకు కానుకలు పంపే విషయమై చెన్నై పాఠకులు అడిగిన ప్రశ్నలకు మా జవాబులు.

ఢిల్లీలో ఉన్న మా అబ్బాయికి ఏటా జంతికలు, అరిసెలు పంపుతాను. జంతికలు సగం పొడై, సగం మెత్తబడి చేరతాయి. ఒకసారి అరిసెలకు బూజు కూడా పట్టింది. డబ్బా మార్చి చూశాను, ఏం లాభం లేదు.
– ఒక గృహిణి, పెరంబూరు

లోపం డబ్బాలో లేదమ్మా, దాన్ని మూసే వేళలో ఉంది. మనకు దీపావళి సరిగ్గా ఈశాన్య రుతుపవనాల నడుమ వస్తుంది. గాలి నిండా చెమ్మే. జంతికలు చేతికి చల్లగా తగిలినా లోపల ఇంకా వేడి ఉంటుంది. అప్పుడే మూత పెడితే ఆ ఆవిరి మూతకు పట్టి, నీరై తిరిగి వాటిమీదే పడుతుంది. అలాగని రాత్రంతా బయట వదిలేస్తే వానగాలికి మెత్తబడతాయి. పళ్లెంలో కాగితం వేసి ఒకే వరుసగా పరచండి. ఫ్యాను కింద ఓ రెండు గంటలు ఆరనిచ్చి వెంటనే మూట కట్టెయ్యండి.

అరిసెల సంగతి వేరు. బెల్లం తేమను పట్టి ఉంచుతుంది. లేతపాకం అరిసెలు నాలుగు రోజుల ప్రయాణానికి పనికిరావు, పాకం కాస్త ముదరనివ్వాలి. నూనె గట్టిగా వత్తేసి, పల్చటి బట్ట కప్పి ఐదారు గంటలు ఆరబెట్టి, ఒక్కోదాని మధ్య బటర్ పేపర్ పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, అరిసెలూ జంతికలూ ఒకే కవర్లో వేయకండి. అరిసెలోని తేమ కరకరలాడే జంతికలోకి పాకుతుంది. ఎంత మంచి డబ్బా కొన్నా మీ జంతికలు మెత్తబడటానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

ఇక పొడి కావడం. పావుకిలో చొప్పున చిన్న పొట్లాలు కట్టి ఐదు పొరల అట్టపెట్టెలో సర్దండి. పాత పెట్టె వద్దు. ఒకసారి నలిగిన అట్టకు మళ్లీ బలం రాదు. ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల వీధుల్లో కొత్తవి దొరుకుతాయి. అడుగున, పైన, నాలుగు పక్కలా రెండంగుళాల మందాన నలిపిన కాగితం కూరండి. మూసి ఊపి చూడండి. లోపల ఏమాత్రం కదిలినట్టు వినిపించినా విప్పి మళ్లీ కూరండి. పెద్ద చుట్ల జంతికల కంటే చేగోడీలు దెబ్బలకు బాగా ఆగుతాయి. సున్నుండలూ ఫర్వాలేదు. కొబ్బరి లౌజు, పాలకోవా మాత్రం పార్సిల్ సరుకు కావు. ఎవరైనా ఊరికి వెళ్తుంటే చేతికిచ్చి పంపండి.

నాలుగు కిలోలే ఉన్న పెట్టెకు కొరియర్ వాళ్లు ఏడు కిలోలకు పైగా లెక్కగట్టి డబ్బు తీసుకున్నారు. ఇది మోసం కాదా?
– ఒక ఉద్యోగి, టి.నగర్

మోసం కాదు. పెట్టె ఆక్రమించే చోటుకు కూడా వాళ్లు లెక్క వేస్తారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, గుణించి, చాలా కొరియర్లు 5000తో భాగిస్తాయి. వచ్చిన అంకెకీ అసలు బరువుకీ ఏది ఎక్కువైతే దానికే ఛార్జీ. మీది 40×30×30 పెట్టె అనుకుందాం: 36,000ను 5000తో భాగిస్తే 7.2 కిలోలు. అదే సామాను 35×25×20 పెట్టెలో పట్టించగలిగితే 3.5 వస్తుంది, అప్పుడు అసలు బరువు నాలుగు కిలోలకే కడతారు. చీరల షాపు వాళ్లిచ్చే అందమైన అట్టడబ్బాలు తీసేసి, చీరను ప్లాస్టిక్ కవర్లో మడిచి పెడితేనే బోలెడు చోటు మిగులుతుంది.

ఆవకాయ జాడీకి టేపు చుట్టి పంపినా నూనె కారింది.
– ఒక పాఠకుడు, కొండితోపు

విమానం పైకెళ్లేకొద్దీ చుట్టూ గాలి ఒత్తిడి తగ్గి, జాడీలోని గాలి వ్యాకోచిస్తుంది. అది నూనెను మూత సందుల్లోంచి నెట్టేస్తుంది. అందుకే టేపు ఒక్కటే ఆపలేదు. గాజు వద్దు, మందపాటి ప్లాస్టిక్ జాడీ తీసుకోండి. అంచున నూనె మరక లేకుండా తుడిచి, నోటికి క్లింగ్ ఫిల్మ్ రెండు మడతలు వేసి, మూత బిగించి, ఆ పైన టేపు చుట్టండి. తర్వాత రెండు జిప్ కవర్లు ఒకదానిలో ఒకటి, గాలి పిండేసి వేయండి. పెట్టెలో జాడీ చుట్టూ పాత కాటన్ గుడ్డ పెడితే కారినా అదే పీల్చుకుంటుంది. పచ్చడినీ పట్టుచీరనూ ఒకే పెట్టెలో పంపే సాహసం మాత్రం వద్దు.

అమెరికాలో అమ్మాయికి, ఆస్ట్రేలియాలో అబ్బాయికి ఒకేలాంటి పెట్టెలు పంపవచ్చా?
– విశ్రాంత దంపతులు, అన్నానగర్

వద్దండీ. ఆస్ట్రేలియా వాళ్లు పాలు, కోవాతో చేసిన మన మిఠాయిలను రానివ్వరు. విత్తనాలు, పచ్చి మామిడాకులు కూడా అంతే. దొరికితే అక్కడే పారేస్తారు. ఆ పెట్టెలో బట్టలు, వెండి, పుస్తకాలు పెట్టి, తినేవాటికి అక్కడి తెలుగు దుకాణంలో ఆర్డర్ ఇవ్వడం మేలు.

అమెరికా విషయంలో 2025 ఆగస్టు 29 నుంచి 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపు పోయింది. అప్పట్లో మన తపాలా శాఖ అక్కడికి పార్సిళ్లు ఆపేసి, అక్టోబరు 15 నుంచి మళ్లీ తీసుకుంటోంది. వ్యక్తి నుంచి వ్యక్తికి వెళ్లే కానుకకు 100 డాలర్ల వరకు మినహాయింపు ఉంది, అది అందుకునే ఒక్కొక్కరికీ విడిగా లెక్క. అమ్మాయికి, అల్లుడికి, మనవడికి కలిపి ఒకే పెట్టె పంపుతుంటే ఎవరిది వాళ్లకు విడిగా చుట్టి, పేరు రాసి, ఎవరికి ఏది, ఎంత విలువ అని వేరువేరుగా చూపండి. సుంకాలు తరచూ మారుతున్నాయి కనుక పంపే వారంలో కౌంటరు దగ్గర ఓసారి అడగండి.

ఇంకొకటి. మీరే వండి కానుకగా మీరే పంపితే అమెరికా ఆహార, ఔషధ శాఖకు (ఎఫ్‌డీఏ) ముందస్తు సమాచారం అక్కర్లేదు. దుకాణంలో కొన్న మిఠాయికి అది కావాలి. కస్టమ్స్ ఫారంలో ‘స్వీట్స్’ అని రాసి ఊరుకోకండి. ‘బియ్యప్పిండి, బెల్లం, నూనె; పాలు లేవు; ఒక కిలో’ అని విడివిడిగా ఇంగ్లీషులో రాయండి. మీ గుర్తింపు కార్డు నకలు కూడా వెంట తీసుకెళ్లండి.

పూజ సామాను, చిన్న కాకరపువ్వొత్తులు పార్సిల్లో పెట్టవచ్చా?
– ఒక విద్యార్థిని, వేలచ్చేరి

కాకరపువ్వొత్తులు, అగ్గిపెట్టె పొరపాటున కూడా వద్దు. హారతి కర్పూరం కూడా మండే సరుకు కిందే వస్తుంది, విమానంలో ఎక్కనివ్వరు. సెంటు సీసా, పవర్ బ్యాంకు కూడా తీసెయ్యండి. కుంకుమ, పసుపు, ఒత్తులు పెట్టుకోవచ్చు. అగరొత్తులు ఉంటే తినేవాటికి దూరంగా వేరే పెట్టెలో పంపండి, లేకపోతే అరిసెల్లో వాటి వాసనే వస్తుంది.

నెల్లూరికి బస్సులో పంపితే త్వరగా చేరుతుందా?
– ఒక చిరువ్యాపారి, షావుకారుపేట

మాధవరం నుంచి బయల్దేరే ఆంధ్రా బస్సులో వేస్తే కొద్ది గంటల పనే. కానీ అవతలివాళ్లు బస్టాండుకు వెళ్లి తెచ్చుకోవాలి. పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ఇంటికైతే స్పీడ్ పోస్టే నయం, గుమ్మం దాకా వస్తుంది. పిన్‌కోడ్ ఆరంకెలూ, అందుకునేవారి సెల్ నంబరూ తప్పకుండా రాయండి. చిరునామా మీద పారదర్శకమైన టేపు అంటించండి, వానకు సిరా చెదరదు. ఇంకో చీటీ మీద అదే చిరునామా రాసి పెట్టె లోపల కూడా వేయండి. పైది ఊడిపోయినా విప్పి చూసినవాళ్లకు దారి తెలుస్తుంది.